జూలై ఒకటి

పోయిన వారం సుశీలమ్మను గీదం బస్టాండులో, సంచీ ఒళ్లో పెట్టుకుని కిరందుల్ బస్సు కోసం ఎదురుచూస్తుండగా వదిలిపెట్టాం. మద్దేడు నుంచి ఆమె తెల్లవారకముందే బయలుదేరింది. వచ్చింది ఒక్క మాట అడగడానికి. కూతురు ప్రవీణకూ, కిరందుల్‌లో గని ఉద్యోగం చేసి రిటైరైన ప్రేమ్‌కుమార్ చిన్నకొడుకు సునీల్‌కూ పెళ్లి కుదిరింది. చర్చిలో రెండు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివారు. మూడోది చదవకుండానే ఇంకో రెండు ఆదివారాలు గడిచాయి, రేపైనా చదవాలి. అది చదివితేనే పెళ్లి. పదిహేను రోజుల కిందట ప్రేమ్‌కుమార్ పాస్టరుగారికి ఫోన్ చేసి ఆపేయమన్నాడు. ఎందుకంటే, హీబ్రూ బైబిల్లో ఆ అమ్మాయి చావు రాసి ఉందన్నాడు.

ఆ మాట విన్న రోజు నుంచి సుశీలమ్మకు కుట్టుమిషన్ మీద కాలు ఆడలేదు. బడిపిల్లల యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. ప్రవీణ మాత్రం ఏమీ అనలేదు. బీజాపూర్ ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి ఎప్పటిలాగే వెళ్లి వస్తోంది. ఆ పిల్ల ఏడ్చినా బాగుండేది.

సుశీలమ్మ కిరందుల్‌లో బస్సు దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. కొండ మీది నుంచి వచ్చే ఎర్రదుమ్ము ఆకుల మీద, గోడల మీద, ఆరేసిన తెల్ల పంచెల మీద సమానంగా పరుచుకుని ఉంది. ప్రేమ్‌కుమార్ ఇంటి గేటు సునీల్ తీశాడు.

"రండి అత్తయ్యా," అంటూ చేతిలోని సంచీ అందుకున్నాడు. కళ్లు మాత్రం కలపలేదు.

ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకూడదని బస్సులో గట్టిగా అనుకుంది సుశీలమ్మ. కాని సునీల్ తల్లి లలిత మజ్జిగ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టగానే ఒక్క గుక్కలో తాగేసింది. దాహం ముందు రోషం నిలవలేదు.

"ఇంకో గ్లాసు తేనా వదినా?" అంది లలిత.

"తే," అంది సుశీలమ్మ. తాగాక కొంగుతో మూతి తుడుచుకుని, "అన్నయ్య ఏడున్నడు?" అని అడిగింది.

ప్రేమ్‌కుమార్ లోపలి గదిలో ఉన్నాడు. బక్కపలచటి మనిషి. కళ్లజోడు దారం కట్టి మెడలో వేలాడుతోంది. ముప్ఫై ఏళ్లు ఖనిజం మోసే బెల్టు దగ్గర ఫోర్‌మన్‌గా పనిచేసి, గట్టిగా మాట్లాడటం అలవాటైన గొంతు. ఈ మధ్య ఆ గొంతు బాగా తగ్గిపోయింది. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"వందనాలు చెల్లెమ్మా. కూర్చోండి. మీకు కోపం ఉంటుంది. ఉండాలి కూడా."

"కోపం సంగతి తర్వాత అన్నయ్యా. నా బిడ్డ చావు యాడ రాసి ఉందో జర నాకు చూపియ్యి."

ఆయన వాదించలేదు. టేబుల్ మీది లాప్‌టాప్ ఆమె వైపు తిప్పి, పక్కనున్న కాగితాలు మంచం మీద పరిచాడు. కాగితాల నిండా గళ్లు, గడికో అక్షరం. ముక్కులూ కొక్కేలూ ఉన్న అక్షరాలు. వాటి మధ్య నుంచి ఎర్రసిరా గీత ఒకటి ఏటవాలుగా దిగుతోంది. ఇంకోటి నీలిది అడ్డంగా పోతోంది. రెండూ కలిసిన చోట నల్లగా సున్న చుట్టి ఉంది.

"ఇది మోషే రాసిన అయిదు పుస్తకాల అసలు భాష. మాటల మధ్య ఖాళీలు తీసేస్తే అక్షరాలన్నీ ఒకటే గొలుసు. ఆ గొలుసు మీద సమానంగా దూకుతూ పోవాలి. ఏడు అక్షరాలకొకటి, డెబ్బైకొకటి, ఒక్కోసారి వెయ్యికొకటి. పైకి చదివితే కనిపించని మాట అలా దూకితే కనిపిస్తుంది. రాజుల చావులు, యుద్ధాలు, అన్నీ ఇలాగే దొరికాయట."

"ఎంత దూకాల్నో ఎవలు చెప్తరు?"

"కంప్యూటరే వెతుకుతుంది. దొరికేదాకా."

"దొరకకుంటే?"

"దొరుకుతుంది చెల్లెమ్మా. నాకు దొరకకపోవడం ఇంతవరకూ లేదు," అన్నాడాయన. ఆ మాటలో గర్వం లేదు, అలసట ఉంది. "ఇదిగో, ఎర్రగీత ప్రవీణ పేరు. నీలిగీత తన పుట్టినతేదీ, వాళ్ల క్యాలెండరు ప్రకారం. ఈ సున్నలో ఉన్నది 'మరణం' అనే మాట."

సుశీలమ్మ వంగి చూసింది. ఆ భాష ఆమెకు రాదు. ఆ అక్షరాల్లో ఏది 'ప్ర'నో ఏది 'ణ'నో తెలియదు. అయినా, తొమ్మిది నెలలు మోసి కన్న పిల్ల పేరు నల్లసున్నలో చిక్కుకుని ఉందనగానే ఆ సున్న మీద అరచెయ్యి పెట్టి కప్పేసింది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఒక్క క్షణం ఆమెకు కూడా అనిపించింది, పోనీ ఈ పెళ్లి ఆగిపోతేనే మంచిదేమో, బిడ్డ బతికుంటే చాలదా అని.

ఆ క్షణం గడిచాక తన మీద తనకే కోపం వచ్చింది.

"మీరు నమ్ముతరా అన్నయ్యా ఇది? నిజంగ?"

"నేను నమ్మకుండా ఉంటే బాగుండునని రోజూ ప్రార్థన చేస్తున్నాను," అన్నాడు ప్రేమ్‌కుమార్. "మీ అమ్మాయిని నేను కాదనడం లేదు. బంగారం లాంటి పిల్ల. ఆ పిల్ల ప్రాణం కాపాడటానికే ఇదంతా. మా పెద్దకోడలి సంగతి మీకు తెలుసుగా."

తెలుసు. అందరికీ తెలుసు. పెద్దకోడలు సాయిశ్రీ జగర్గుండా పిల్ల. వాళ్లది ఒకప్పుడు అక్కడ మంచి కొట్టు. తుపాకుల గొడవల్లో ఊరు విడిచి రోడ్డు పక్క శిబిరానికి వచ్చి, అక్కడే పెరిగి చదువుకుంది. పెద్దకొడుకు ఇష్టపడి చేసుకున్నాడు. పెళ్లయిన ఏడాది తిరక్కుండానే, పుట్టింటికి వెళుతుంటే ఘాట్ రోడ్డు మలుపులో జీపు తిరగబడి ఆ పిల్ల పోయింది. పెద్దకొడుకు బిలాస్‌పూర్ వెళ్లిపోయాడు. ఇంటికి ఫోన్ చేయడం కూడా తగ్గించేశాడు.

"ఆ పిల్ల పోయాక ఎవరో ఈ ప్రోగ్రాం ఇచ్చారు. మొదట కొట్టిన పేరు సాయిశ్రీది. పేరు దొరికింది. పుట్టినతేదీ దొరికింది. పక్కనే 'బండి' అనే మాట, 'కోడలు' అనే మాట. అన్నీ అక్కడే ఉన్నాయి చెల్లెమ్మా. వేల ఏళ్ల నుంచి ఉన్నాయి. పెళ్లికి ముందు నేను ఒక్కసారి చూసుంటే, ఆ రోజు ఆ జీపు ఎక్కనిచ్చేవాణ్ణి కాదు." ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "ఒకసారి చూడక పోగొట్టుకున్నాను. రెండోసారి చూసి కూడా ఊరుకోమంటారా?"

కోపపడదామని వచ్చిన మనిషికి ఎదురుగా కోపపడదగ్గ మనిషి లేడు.

"పైగా ఇంకో సంగతి," అన్నాడు ప్రేమ్‌కుమార్. "అసలు నేను మీ అమ్మాయి పేరు వెతకాలని అనుకోలేదు. పెళ్లి కాగితాలు నింపుతుంటే పుట్టినతేదీ చూశాను. నా ఒళ్లు జలదరించింది. సాయిశ్రీది ఏ రోజో, ఈ పిల్లదీ అదే రోజు. సంవత్సరాలే వేరు. ఏడాదిలో అన్ని రోజులుండగా నా ఇద్దరు కోడళ్లూ ఒకే రోజు పుట్టాలా? అది దేవుడు చేసే హెచ్చరిక కాకపోతే ఏమిటి?"

"ఏ రోజు?" అంది సుశీలమ్మ.

"జూలై ఒకటి."

సుశీలమ్మ ఆయన మొహంలోకి చూసింది. కాగితాల వైపు చూసింది. మళ్లీ ఆయన మొహంలోకి చూసింది. నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ముందు ముక్కులోంచి వచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగక భుజాలు ఊగిపోయేలా వచ్చింది.

ప్రేమ్‌కుమార్ మొహం మాడిపోయింది. "నవ్వే సంగతా చెల్లెమ్మా ఇది?"

"ఉండు అన్నయ్యా, కోపం చెయ్యకు. మీరు ఏడ పుట్టిన్రు?"

"నరసాపురం ఆసుపత్రిలో. ఫిబ్రవరి పంతొమ్మిది. మా నాన్న బైబిలు అట్ట మీద రాసిపెట్టాడు."

"అందుకే మీకు తెల్వదు. నాది గుడ జూలై ఒకటే. చచ్చిపోయిన మా ఆయనది జూలై ఒకటే. మా ఇంటెనక ఆయతిది జూలై ఒకటే, ఆమె మొగుడు బిజ్జాది జూలై ఒకటే. వాళ్లిద్దరు మొగుడు పెండ్లాలు అన్నయ్యా, కవలలు గాదు! ఆ రోజు అందరికి కేకులు కొయ్యాల్నంటే బీజాపూర్ల పిండి చాలదు."

"అదెలా?"

"బడే గురూజీ పెట్టిండు, బళ్లె పెద్దసారు. ఇంకెట్ల?"

సుశీలమ్మ మంచం మీది కాగితాలు పక్కకు నెట్టి సర్దుకుని కూర్చుంది.

"ప్రవీణను బళ్లె ఏసెటందుకు తీసుకపోయిన. దాఖిలా పుస్తకంల పేర్లు రాసుకునెటాయన, వయసెంత అన్నడు. ఏమో సార్, మీరే చూడుండ్రి అన్న. పిల్లను నిలవెట్టి, కుడిచెయ్యి తల మీదికెళ్లి తిప్పి ఎడమ చెవి పట్టుకోమన్నడు. చెవి అందితే ఆరేండ్లు నిండినట్టు. ఇది ఎట్లనన్న బళ్లె పడాల్నని మెడ వంచి మరీ పట్టుకుంది దొంగముండ. బడి మొదలయ్యేది జూలై ఒకటిన గద, అదే రాసుకున్నడు. దాని ఎనక నిలబడ్డ పోరలందరికి అదే రాసిండు. ఒక్కొక్కనికి ఒక్కో తారీకు కనిపెట్టనీకి ఆయనకేం పని లేదా?"

గుమ్మంలో నిలబడ్డ సునీల్ మెల్లగా అన్నాడు, "మా కరెంటాఫీసులో కూడా సగం మందిది అదే నాన్నా."

ప్రేమ్‌కుమార్ కొడుకు వైపు తిరిగాడు. "మరి నాకు చెప్పలేదేంరా?"

"మీరు వినే పరిస్థితిలో లేరు కదా," అన్నాడు సునీల్, గుమ్మం మీది రంగు గోటితో గీరుతూ.

"మరి ప్రవీణ అసలు పుట్టింది ఎప్పుడు?"

"ఇప్పపూలు రాలేటప్పుడు," అంది సుశీలమ్మ. ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. "చీకటితోనే ఏరనీకి పోయిన. తట్ట సగం గుడ నిండలె, నొప్పులొచ్చినయ్. మా అత్త నన్ను పట్టుకోవాల్నా, తట్ట పట్టుకోవాల్నా అని ఆగమైంది. రెండు పట్టుకునే వచ్చింది."

లలిత వంటింటి గుమ్మంలోంచి నవ్వింది. ప్రేమ్‌కుమార్ నవ్వలేదు. ఆయన చెయ్యి లాప్‌టాప్ మీదికి పోయింది.

"అంటే మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదలు. తేదీ ఏదో చెప్పండి. మళ్లీ వెతుకుతాను. ఈసారి సరిగ్గా..."

"తేదీ తెల్వదు."

"అటూ ఇటూగా అయినా..."

"అన్నయ్యా!" సుశీలమ్మ లేచి నిలబడింది. "తప్పుడు తారీకు పెడితే నా బిడ్డ చావు దొరికింది. ఆ చావు మరి ఎవలిది? ఆయతిదా, బిజ్జాదా, నాదా? ఇప్పుడు ఇంకో తారీకు పెడతరు, అండ్ల ఇంకేదో దొరుకుతది. అది దొరికేదాక ఎతుకుతదని మీరే అన్నరు. నా బిడ్డను ఎన్నిసార్లు చంపుతరు?"

ప్రేమ్‌కుమార్ చెయ్యి వెనక్కి వచ్చింది. తర్వాత, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"ప్రవీణ విషయంలో నేను పొరబడి ఉండొచ్చు. కాని సాయిశ్రీది... అది పొరపాటు కాదుగా. ఆ పిల్లకు ఆ రోజు కేకు తెచ్చింది నేనే. దంతెవాడ వెళ్లి తెచ్చాను."

లలిత గుమ్మం దాటి లోపలికి వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది. దాన్ని చీరకు తుడుచుకోబోయి ఆగిపోయింది. ఏడాదిన్నరగా ఈ గదిలోకి టీ కప్పుతో రావడం, ఖాళీ కప్పుతో వెళ్లడం తప్ప ఆవిడ మాట్లాడింది లేదు.

"ఆ రోజు ఆ పిల్ల పుట్టినరోజు కాదండీ," అంది.

ప్రేమ్‌కుమార్ తలెత్తాడు.

"మీరు కేకు టేబుల్ మీద పెట్టి చేతులు కడుక్కోడానికి వెళ్లారు. అది వంటింట్లోకి వచ్చి నోరు మూసుకుని ఒకటే నవ్వు. 'అత్తమ్మా, ఇవాళ నా పుట్టినరోజు కాదు, ఊరు విడిచి వచ్చినప్పుడు మా కాగితాలన్నీ అక్కడే పోయాయి, శిబిరం బళ్లో పిల్లలందరికీ ఒకే తేదీ రాశారు. నేను పుట్టింది చలికాలంలో అని మా అమ్మ చెప్తుంది' అంది. ఆయనకు చెప్పనా అంటే నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. 'వద్దు అత్తమ్మా, మామయ్య ఎండలో అంత దూరం వెళ్లి తెచ్చారు, చిన్నబుచ్చుకుంటారు. అయినా నాకెవరూ ఎప్పుడూ కేకు తేలేదు' అంది."

లలిత అలవాటుగా టేబుల్ మీది ఖాళీ టీ కప్పు తీసింది, మళ్లీ అక్కడే పెట్టింది.

"అందుకని చెప్పలేదు. తర్వాత చెప్పడానికి ఆ పిల్లే లేదు. మీరు ఈ గళ్లలో ఏం పెట్టి ఏం తీస్తున్నారో నాకేం తెలుసు? తేదీ పెడతారని ఇవాళే విన్నాను."

ప్రేమ్‌కుమార్ కాగితాల కట్ట అడుగు నుంచి ఒకటి బయటికి లాగాడు. అంచులు నలిగి, మడతల దగ్గర చిరిగి, చాలాసార్లు తెరిచి మూసినట్టున్న కాగితం. ఎర్రగీత, నీలిగీత, నల్లసున్న. దాన్ని వేలితో తడుముతూ ఉండిపోయాడు.

"చలికాలంలోనా?" అన్నాడు చివరికి.

"చలికాలంలోనే."

"అయితే ఈ నీలిగీత..."

"ఎవరిదో," అంది లలిత. "ఎవరిదీ కాదో."

"అంటే, పెళ్లికి ముందు నేను చూసినా..."

"చూసినా ఏమీ ఉండేది కాదండీ. అక్కడ మన సాయిశ్రీ లేదు. మీరు పోగొట్టలేదు దాన్ని. బ్రేకు పడని జీపు పోగొట్టింది."

ఫోర్‌మన్ ప్రేమ్‌కుమార్ ఏడవడం సునీల్ ఎప్పుడూ చూడలేదు. కోడలు శవం వచ్చిన రోజు కూడా ఆయన కుర్చీలు వేయించడం, మంచు పెట్టె మాట్లాడటం లాంటి పనులే చూసుకున్నాడు. ఇప్పుడు చేతిలో ఆ కాగితం పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. లలిత పిండిచేత్తోనే ఆయన తల నిమిరింది. నెరిసిన జుట్టు మీద తెల్లటి మరక పడింది. ఎవరూ తుడవలేదు.

సుశీలమ్మ మొహం అటు తిప్పుకుని కిటికీలోంచి చూస్తూ నిలబడింది. గుండెల మీద పదిహేను రోజులుగా కూర్చున్నది ఏదో లేచి వెళ్లిపోయినట్టుంది. ఊపిరి పొట్టదాకా వెళ్లి వస్తోంది. ఉన్నట్టుండి ఆమెకు బాగా ఆకలేసింది.

ఏడుపు తగ్గాక ప్రేమ్‌కుమార్ లేచి మొహం కడుక్కుని వచ్చాడు. ఫోన్ తీసుకుని అందరి ముందే పాస్టరుగారికి చేశాడు. గొంతు పాత ఫోర్‌మన్ గొంతే.

"అయ్యగారూ, రేపు మూడో ప్రకటన చదవండి. ఆ, ఆపమన్నది నేనే. చదవమంటున్నదీ నేనే. కారణమా? ఎల్లుండి వచ్చి మీ కాళ్ల దగ్గర కూర్చుని చెప్తాను."

లలిత అన్నాలు వడ్డించింది. చారులో ఉప్పు మరిచిపోయిందని తిన్నాక ఎవరో అన్నారు. తినేటప్పుడు ఎవరికీ తెలియలేదు. సుశీలమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంది.

చెయ్యి కడుక్కున్న వెంటనే ప్రవీణకు ఫోన్ కలిపింది. కలవలేదు. మళ్లీ చేసింది. మళ్లీ అదే. ఆసుపత్రిలో ప్రవీణతో పనిచేసే లక్కేకు చేస్తే ఆ పిల్ల ఒక్క గుక్కలో చెప్పేసింది. అడవి లోపలి పామేడు ఆసుపత్రికి నర్సు కావాలని నెలల నుంచి అడుగుతున్నారు, ఎవరూ వెళ్లడం లేదు. నిన్న ప్రవీణ దీదీ తనే వెళ్తానని పేరిచ్చింది. పొద్దున బస్సెక్కేసింది. మీకు తెలియదా అమ్మా?

సుశీలమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని గోడకు ఆనుకుంది. "పామేడు పోయిందంట. ఏడాదికి సంతకం పెట్టిందంట. పెండ్లి లేదు గద అనుకుంది."

ప్రేమ్‌కుమార్ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత లాప్‌టాప్‌ను దాని సంచీలోంచి తీసిన తీగలతో సహా బీరువా మీదికి ఎక్కించాడు. ఖాళీ సంచీలో ఒక లుంగీ, తువ్వాలు, బీపీ మాత్రలు కుక్కాడు.

"పదండి చెల్లెమ్మా. సాయంత్రానికి బీజాపూర్ చేరితే పొద్దున్నే పామేడు బస్సు అందుకోవచ్చు. ఆపింది నేను. ఆ పిల్లకు చెప్పాల్సింది కూడా నేనే."

"నేను కూడా వస్తాను నాన్నా," అన్నాడు సునీల్. ఆ రోజు అతను తనంతట తానుగా గట్టిగా అన్న మొదటి మాట అదే. క్షణంలో తన సంచీ కూడా సర్దుకున్నాడు.

వాళ్లు గడప దాటబోతుండగా సుశీలమ్మ ఫోన్ మోగింది. కొత్త నంబరు. అవతల గాలి హోరు, దూరంగా కోడి కూత, వాటి మధ్య ప్రవీణ గొంతు.

"అమ్మా, ఈడ ఒక్కతాన్నే సిగ్నల్ దొరుకుతది. దారి మంచిగనే ఉండె. చేరిన అని చెప్దామని చేసిన."

సుశీలమ్మ నవ్వుతూ, ఏడుస్తూ, ఊపిరాడనివ్వకుండా అంతా చెప్పేసింది. జూలై ఒకటి, కేకు, రేపటి ప్రకటన, అన్నీ. అవతల ప్రవీణ ముక్కు చీదుకుంది. నవ్విందో ఏడ్చిందో తల్లికి కూడా అర్థం కాలేదు.

"మామయ్యను రమ్మను అమ్మా. పెద్దమనిషి, పాపం ఎంత బాధ మోసిండో. వస్తే నేనే అన్నం వండి పెడత."

"వస్తున్నడు బిడ్డా, గడప మీదున్నడు. సునీల్ గుడ..."

"సునీల్ రావద్దు."

"ఏందే?"

"ఆ తారీకు నాది కాదని సునీల్‌కు తెలుసమ్మా. వాళ్ల నాయన ఆపమన్న రోజే నేను ఫోన్ చేస్తే, తారీకు చూసి ఆపిండన్నడు, అది ఉత్త తారీకని నేనే చెప్పిన. బడే గురూజీ సంగతి, చెవి పట్టుకున్న సంగతి, అన్నీ. మీ నాయనకు ఈ ఒక్క మాట చెప్పు, అయిపోతది అన్న. సరే అన్నడు." ప్రవీణ గొంతు నిదానంగానే ఉంది. "పదిహేను రోజులాయె. ఎందుకు చెప్పలేదో అడుగు."

లైను తెగిపోయింది.

సుశీలమ్మ ఫోన్ చెవి దగ్గర నుంచి దించకుండానే గడప వైపు చూసింది. తండ్రి సంచీ ఒక భుజానికి, తన సంచీ ఒక భుజానికి తగిలించుకుని, చెప్పులు కూడా వేసుకుని, సునీల్ ఆమె కోసమే ఎదురుచూస్తున్నాడు.